మహారాజశ్రీ వర్చువల్ మెషీన్ గారికి, బాడుగదారు రాయునది

చిత్తూరు నుంచి.

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. మీరు ముంబైలో క్షేమంగా ఉన్నారని బిల్లులో రీజియన్ పేరు చూసి అనుకుంటున్నాను. ఒక పెద్ద కంప్యూటర్‌ని పదిమందికి పంచితే వచ్చే వాటాయే కదా మీరు. అక్కడ ఏ హోస్ట్ మీద, అంటే ఏ అసలు కంప్యూటర్ మీద, ఎంతమందితో కలిసి కాపురం చేస్తున్నారో మీరూ చెప్పరు, మిమ్మల్ని బాడుగకిచ్చినవాళ్లూ చెప్పరు.

మా పని చిన్నది. గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి ట్రాక్టర్లలో వచ్చే తోతాపురి కాయల్ని ఫోటో తీస్తే, మచ్చ ఉన్నదేదో లేనిదేదో చెప్పే మోడల్ ఒకటి కావాలి. కాయ జూన్, జూలైలో వస్తుంది, ఆలోపు మోడల్ నేర్చుకోవాలి. మోడల్‌కి నేర్పే లెక్కలు చేయడానికి ఒక జీపీయూ, మిగతా పనులకు నాలుగు వీసీపీయూలు (వర్చువల్ ప్రాసెసర్లు) అని మీ పేరు కింద రాసుంటే సంతోషంగా కార్డు గీకాను. నాలుగు వీసీపీయూలంటే చాలాచోట్ల రెండు అసలు ప్రాసెసర్ కోర్లే. ఒక్కో కోర్‌లో పక్కపక్కన పని నడిపే రెండు హైపర్‌థ్రెడ్లను రెండుగా లెక్కేస్తారు. సరే, వ్యాపారమన్నాక ఆ మాత్రం ఉంటుంది.

ఆ రెండు కోర్లనైనా నాకు వదిలారా? మొన్న రాత్రి ప్రాసెసర్ సమయం ఎటు పోతోందో చూపే టాప్ కమాండ్ కొట్టి చూస్తే, సీపీయూ వరస చివర ఎస్‌టీ అనే చోట 30 కనబడింది. స్టీల్ టైమ్. నా ప్రాసెసర్ పనికి సిద్ధంగా ఉన్నా, అసలు కంప్యూటర్‌ని మీ అందరికీ పంచే హైపర్‌వైజర్ దాన్ని ఆపి పక్కింటివాళ్లకు పంచిన వాటా అది. ఎత్తుకెళ్లడమే కాక ఎంత ఎత్తుకెళ్లారో శాతాల్లో చూపించే నిజాయితీ మీకు తప్ప ఇంకెవరికుంది?

పక్క టెర్మినల్‌లో జీపీయూ వాడకం 97 శాతం దగ్గర నుంచి సున్నాకు పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. దాని తప్పేమీ లేదు పాపం, జీపీయూని నాకొక్కడికే ఇచ్చారు. కానీ మామిడికాయ జేపెగ్‌ని విప్పి, సైజు తగ్గించి, అటూ ఇటూ తిప్పి, బ్యాచ్ కట్టి దానికి అందించాల్సింది సీపీయూ. ఆ సీపీయూని మీరు పక్కింటికి పంపారు. బాడుగలో సింహభాగం తినే జీపీయూ చేతులు కట్టుకుని కూర్చుంది. మీటర్ మాత్రం కూర్చోలేదు.

నా గొడవ వేగం గురించి కాదు, బిల్లు గురించి. మీరు గంటల లెక్కన తీసుకుంటారు, పని లెక్కన కాదు. మీరెంత నిదానంగా చేస్తే నాకు అంత పడుతుంది. తిరుపతిలో రేణిగుంటకు షేర్ ఆటో ఎక్కితే, పక్కాయన ఒళ్లో మూట పెట్టుకున్నాడనో, దారిలో ఇంకో ఇద్దర్ని ఇరికించారనో నా చార్జీ పెరగదు. మీ దగ్గర ఇరుక్కున్నవాడే ఎక్కువ కట్టాలి.

ఒకటి చాలకపోతే నాలుగు మెషీన్లు తీసుకోమని సలహా ఒకటి. నాలుగూ ప్రతి అడుగులో గ్రేడియంట్లు (మోడల్‌ని ఎటు దిద్దాలో చెప్పే లెక్కలు) కలుపుకోవాలి కదా, ఒకదాని పొరుగు గోల చేస్తే మిగతా మూడూ దానికోసం కాచుక్కూర్చుంటాయి. అప్పుడు నాలుగు మీటర్లు.

మీది పెద్ద వంశమే, కాదనను. ఐబీఎం వాళ్ల వీఎం/370 అనే సిస్టమ్ 1972లోనే ఒక మెయిన్‌ఫ్రేమ్‌ని పదిమందికి పంచి, ఎవరికి వారికి "ఇదంతా నీదే" అని నమ్మించింది. ఆ రోజుల్లో అది చెల్లింది. టెర్మినల్ ముందు కూర్చున్న మనిషి టైపు చేసేదానికంటే తల గోక్కునేది ఎక్కువ, ఆ ఖాళీని ఇంకొకరికిస్తే ఎవరికీ తెలిసేది కాదు. మోడల్ ట్రైనింగ్‌కి తల గోక్కునే అలవాటు లేదు. రాత్రంతా ఒకే ఊపున నడుస్తుంది. అలాంటి బాడుగదారుల్ని ఒకే హోస్ట్‌లో కుక్కి, ఇంకా ఆ పాత లెక్కే వేస్తే ఎట్లా?

మీవాళ్లలో మంచివాళ్లు లేరని కాదు. ఎన్విడియా 2020లో తెచ్చిన ఏ100 జీపీయూని, ఒకే కార్డుని విడివిడిగా పంచే మిగ్ పద్ధతిలో ఏడు ముక్కల దాకా చేయొచ్చు, ఎవరి మెమరీ వాళ్లది. 40 జీబీ కార్డులో 5 జీబీ ముక్క అంటే 5 జీబీయే, పక్కవాడు తొంగి కూడా చూడలేడు. వంతులవారీగా నడిపే టైమ్ స్లైసింగ్‌లో ఆ గోడ లేదు. తిరుపతిలో మా తమ్ముడు చదివే కాలేజీ ల్యాబ్‌లో ఎవరో నోట్‌బుక్ ప్రోగ్రామ్‌ని జీపీయూ మీద తెరిచి, మూయకుండా టిఫిన్‌కి పోతారు. మావాడికి "కుడా అవుట్ ఆఫ్ మెమరీ", అంటే జీపీయూ మెమరీలో చోటు లేదని జవాబు. ఎవరిదని గ్రూప్‌లో అడిగితే అందరూ దండం ఎమోజీ పెడతారు.

ఎప్పుడైనా వెనక్కి తీసుకునే షరతు మీద ఇచ్చే స్పాట్ మెషీన్ల మీద కూడా నాకు కోపం లేదు. ఖాళీ చేయమని అమెజాన్‌లో రెండు నిమిషాల ముందు, గూగుల్‌లో 30 సెకన్ల ముందు కబురొస్తుంది. అందుకే అవి చవక. చెక్‌పాయింట్ (అప్పటిదాకా నేర్చుకున్నది) రాసుకుంటూ ఉంటాను, పొమ్మంటే పోతాను. పూర్తి బాడుగ తీసుకుని, ఉండమని, పని చేయనివ్వని మీతోనే పేచీ.

కోరేది ఒక్కటే. ఎస్‌టీ కింద పోయిన ప్రతి సెకనునీ బిల్లులోంచి కొట్టేయండి. లెక్క నేను రాయక్కర్లేదు, మీ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ రాసే పెట్టింది.

ఫ్యాక్టరీ మేనేజరు రోజూ ఫోన్ చేసి "ఏం సామీ, మీ కంప్యూటరు ఇంగా నేర్చుకోలేదా?" అంటున్నాడు. ఆయనకు హైపర్‌వైజర్ సంగతి చెప్పలేక, వానకి నెట్ పోయిందంటున్నాను. రేపు మిమ్మల్ని ఆపి మళ్లీ లేపుతాను. ఉత్త రీబూట్ అయితే అదే హోస్ట్ మీద లేస్తారు, పూర్తిగా ఆపి లేపితే చాలాసార్లు వేరేది దొరుకుతుంది. ఆపిన కాసేపూ డిస్కు బాడుగ పడుతుందని తెలుసు. ఆ పద్దు మీద ఇంకో ఉత్తరం రాస్తాను.

ఇట్లు,
మీ గంటల లెక్క బాడుగదారు