ఐపీలో ఇంకా ఏటుంది పరిశోధించడానికి?

పలాస-కాశీబుగ్గలో ఒక కేబుల్ ఆఫీసు. మేడ మీద రెండు గదులు. ఒకదాంట్లో ఏసీ కింద ఓఎల్‌టీ (ఇళ్లకి ఫైబర్ పంచే మెషీను), రౌటరు, బ్యాటరీలు. రెండోదాంట్లో ఫైబర్ అతికే స్ప్లైసింగ్ మెషీను, చుట్టలుగా డ్రాప్ కేబులు, బిల్లు పుస్తకాలు. మావయ్య డిష్ గొడుగుల కాలం నుంచీ ఇదే పనిలో ఉన్నాడు, ఇప్పుడు నెట్ కూడా ఇస్తున్నాడు. మేనకోడలు ఐపీ (నెట్‌లో డేటాని ప్యాకెట్లుగా విడగొట్టి, అడ్రసు వేసి పంపే పద్ధతి) నెట్‌వర్కుల మీద పీహెచ్‌డీ చేస్తోంది, సంక్రాంతికి ఊరొచ్చింది. మనుషులు కల్పితమే గానీ గొడవ కల్పితం కాదు, ఈ లైన్లో ఉన్నవాళ్లు ఏదో ఒక రూపంలో రోజూ పడేదే. నేను ఎవరి వైపో ముందే చెప్పను, చదువుతుంటే ఎలాగూ తెలిసిపోతుంది.

మావయ్య: అమ్మడూ, తప్పుగా అనుకోకు. నాలుగేళ్లయింది నువ్వు ఈ ఐపీ పట్టుకుని. అది 1981 సెప్టెంబరులోనే రాసేశారని, ఆ పత్రాన్ని ఆర్‌ఎఫ్‌సీ 791 అంటారని నువ్వే చెప్పావు. సెర్ఫ్, కాన్ అని ఇద్దరు 1974లోనే దారి వేసేశారనీ చెప్పావు. 1983 జనవరి 1న పాతది ఆపేసి అందరూ దీనికి మారిపోయారు. అప్పటి నుంచి అదే ప్యాకెట్టు, దాని మీద అదే హెడరు (చిరునామా చీటీ), హాయిగా నడుస్తోంది. నడిచే బండికి ఇంకా పరిశోధన ఏటి?

మేనకోడలు: హాయిగా నడిచిందని ఎవరన్నారు మావయ్యా? 1986 అక్టోబరులో ఆగిపోయినంత పనైంది. అమెరికాలో బర్కిలీ దగ్గర 400 గజాల ఎడంలో ఉన్న రెండు చోట్ల మధ్య, అంటే ఈ మేడ మీంచి కేకేస్తే వినపడేంత దూరం, సెకనుకు 32 కిలోబిట్లు వెళ్లే లైను 40 బిట్లకి పడిపోయింది. కిలోలు కాదు, ఉత్త బిట్లు. తీగ తెగలేదు, మెషీను కాలలేదు. జవాబు రాలేదని ప్రతి కంప్యూటరూ పంపిందే మళ్లీ పంపింది, దాంతో రద్దీ ఇంకా పెరిగింది, జవాబులు ఇంకా ఆలస్యమయ్యాయి, మళ్లీ పంపింది. ఐపీ ప్యాకెట్టుని మోస్తానంటుంది తప్ప చేరుస్తానని మాట ఇవ్వదు కదా. ఎప్పుడు తగ్గాలో పంపేవాడికే తెలియాలి. వాన్ జాకబ్సన్ అనే పరిశోధకుడు దాని మీద కూర్చుని 1988లో పేపరు రాశాడు: మెల్లగా మొదలెట్టు, ప్యాకెట్టు పోయిందంటే ముందు రద్దీ ఉందని అర్థం చేసుకో, వేగం తగ్గించు అని. ఆ పని జరక్కపోయి ఉంటే ఇవాళ నీ ఏడొందల కనెక్షన్లూ లేవు, నీ బిల్లు పుస్తకమూ లేదు.

మావయ్య: సరే, 1988 నీకు ఇచ్చేశాను, ఉంచుకో. తర్వాత ఏం చేశారు? అడ్రసులు చాలవని ఐపీవీ6 అని కొత్త ఐపీని 1995లో మొదలెట్టారు. ఆ ఏడాది పుట్టిన పిల్లలకి పెళ్లిళ్లయి వాళ్ల పిల్లలు బడికి వెళ్తున్నారు, ఇది మాత్రం ఇంకా వస్తోంది, వస్తోంది. నాకున్న పబ్లిక్ అడ్రసులు అరవై నాలుగు, ఇళ్లు ఏడొందలు. అందుకే ఇంటికి 100.64తో మొదలయ్యే దొంగ అడ్రసు ఇచ్చి, పదీ పన్నెండు ఇళ్లని ఒక అడ్రసు వెనక కుక్కుతున్నాను. జీడిపప్పు ఫ్యాక్టరీ ఆయన హైదరాబాద్‌లో కూతురింటి నుంచి ఇక్కడి కెమెరాలు చూసుకోవాలంటాడు, బయటి నుంచి లోపలికి దారే ఉండదు, పోర్టు (అడ్రసు వెనక తలుపు నంబరు లాంటిది) ఎంత తెరిచినా తెరుచుకోదు. మొన్నామధ్య ఏదో సైబర్ మోసం అని పోలీసులు ఒక ఐపీ అడ్రసు పట్టుకుని వచ్చారు. దాని వెనక పన్నెండు ఇళ్లున్నాయి బాబూ, కచ్చితమైన టైమూ పోర్టు నంబరూ తెండి అన్నాను. పోర్టు నంబరు ఆ చివర ఎవరూ రాసుకోలేదు. ఇప్పుడు పన్నెండు ఇళ్లలో దొంగ ఎవరో నేను చెప్పాలి!

మేనకోడలు: అది దొంగ అడ్రసు కాదు, 2012లో ఆ పని కోసమే పక్కన పెట్టారు. అయినా నువ్వు చెప్పినదంతా నా వాదనే, నువ్వు నీది అనుకుంటున్నావు. పాత పద్ధతిలో మొత్తం అడ్రసులే 429 కోట్లు, మనుషులు 800 కోట్ల పైన. మొదట్లో అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ ఒక్కదానికే 1.67 కోట్ల అడ్రసులు రాసిచ్చేశారు, 2017లో అది మిగులువి అమ్మకానికి పెట్టింది. ప్రపంచమంతటికీ పంచే ఖాతా 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయిపోయింది. ఇంకా వస్తోంది అంటున్నావే, నీ ఫోను ఇలా ఇవ్వు. వైఫై ఆపి మొబైల్ డేటా పెడుతున్నా. ఇదిగో చూడు, ఏం కనిపిస్తోంది?

మావయ్య: (కళ్లజోడు పైకి తోసుకుని) ఇదేటిది, అంకెలు, అక్షరాలు, మధ్యలో ముగ్గు చుక్కల్లాగ.

మేనకోడలు: అదే ఐపీవీ6. నీ జేబులోనే తిరుగుతోంది. మన దేశంలో గూగుల్‌కి వచ్చేవాళ్లలో సగానికి పైగా దీని మీదే వస్తున్నారు.

మావయ్య: ఫోను కంపెనీకి ఎన్నయినా చేసుకోవచ్చు, కొత్తగా వేసుకున్నదాంట్లో కొత్తది పెడతాడు. ఫ్యాక్టరీ ఆయన డీవీఆర్ (కెమెరాల రికార్డర్) మెనూలో అసలు ఆ గడే లేదు. మార్చమంటే, కొని మూడేళ్లే అయిందంటాడు. మీ పేపర్లలో కస్టమరు ఎప్పుడూ మూడేళ్ల పాత డీవీఆర్ కొనుక్కోడనుకుంటా.

(ఇక్కడ మార్కు మావయ్యకే. పాతదానితో మాట్లాడలేని కొత్తది తయారుచేసి, మారతారులే అనుకోవడం ఐపీవీ6 వాళ్ల పెద్ద పొరపాటు. ఈ మాట ఆ రంగంలో వాళ్లే చాలామంది ఒప్పుకున్నారు.)

మేనకోడలు: ఒప్పుకుంటాను. సరే, డీవీఆర్ వదిలేయ్. నిన్న మన వీధిలో ఒకళ్లమ్మాయి ఆన్‌లైన్ క్లాసులో గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోందని ఫోన్ చేసింది కదా, ఏమన్నావు?

మావయ్య: ఫైబర్‌లో వెలుతురు పవర్ చూశాను, మైనస్ 21 ఉంది, బంగారంలా ఉంది. స్పీడ్ టెస్ట్ 40కి 40 వస్తోంది. ప్లాన్ పెంచుకోమ్మా అన్నాను.

మేనకోడలు: అక్కడే దొరికిపోయావు! వాళ్లింట్లో కెమెరాలు రోజంతా క్లౌడ్‌లోకి అప్‌లోడ్ అవుతుంటాయి. ఇక్కడ నీ లైను మీదే చూపిస్తాను ఉండు. చెన్నై సర్వరుకి పింగ్ కొడుతున్నా, అంటే చిన్న ప్యాకెట్టు వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపో చూస్తున్నా. లైను ఖాళీగా ఉన్నప్పుడు ఎంత? 24 మిల్లీసెకన్లు. ఇప్పుడు పెద్ద ఫైలు ఒకటి పైకి పంపుతున్నా. చూస్తూ ఉండు... 90... 210... 380. చెన్నై వెయ్యి కిలోమీటర్లు అనుకో, ఫైబర్‌లో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే వెళ్లి రావడానికి పది మిల్లీసెకన్లు. దారి వంకరలు, మధ్యలో మెషీన్లు కలిపినా ఇరవై నాలుగు. మిగతా మూడొందల యాభై ఎక్కడికి పోయినట్టు?

మావయ్య: నువ్వే చెప్పు.

మేనకోడలు: ఇక్కడ ఈ రౌటర్లో, వాళ్లింట్లో అయితే నువ్విచ్చిన ఆ తెల్ల డబ్బాలో. ఇంకో మూడు వారాల్లో రథసప్తమి. అరసవల్లిలో బారికేడ్ల వరసలు పెంచితే దర్శనం త్వరగా అవుతుందా? గుడిలోకి వెళ్లేవాళ్లు నిమిషానికి అంతమందే, వరసలు పెంచితే ఎండలో నిలబడే టైము పెరుగుతుంది, అంతే. మెమరీ చవకైపోయిందని రౌటర్లు చేసేవాళ్లు బారికేడ్లు పెంచుకుంటూ పోయారు, ప్యాకెట్టు పారేయడం పాపమన్నట్టు. దాంతో జాకబ్సన్ సూత్రమే దెబ్బతింది. ప్యాకెట్టు పోతేనే కదా పంపేవాడికి రద్దీ తెలిసేది, పోకుండా వరసలో నిలబడితే వాడు ఇంకా తోస్తూనే ఉంటాడు. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజినీరు ఇంట్లో ఫైళ్లు ఎక్కిస్తూ దీన్ని పట్టుకున్నాడు, బఫర్‌బ్లోట్, అంటే వరస ఉబ్బిపోవడం, అని పేరు పెట్టారు. 2012లో క్యాథ్లీన్ నికల్స్, అదే జాకబ్సన్ కలిసి మందు కనిపెట్టారు: వరస ఎంత పొడుగుందో చూడకు, ప్యాకెట్టు ఎంతసేపు నిలబడిందో చూడు, ఎక్కువసేపైతే ఒకటి పారెయ్. ఇప్పుడు ఈ రౌటర్లో ఆ సెట్టింగు ఆన్ చేసి, అప్‌లోడ్ హద్దు 36కి పెడుతున్నా. అప్‌లోడ్ ఆపలేదు, చూడు. 31... 28... 30.

(మావయ్య ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని తనే ఆ సెట్టింగు ఆపాడు, 400 దాటింది. మళ్లీ పెట్టాడు, 29. ఇంకోసారి ఆపాడు. ఏ పని మీద మనసు పడ్డా చేతులు ఊరుకోవు ఆయనకి.)

మావయ్య: బాగుంది. నిజంగా బాగుంది. కానీ రేపు ఆ అమ్మాయి నాన్న స్పీడ్ టెస్ట్ కొడతాడు, 40కి 36 వస్తుంది, నాలుగు ఎంబీ తినేశావని రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తాడు. ఆయనకి నేను అరసవల్లి క్యూ కథ చెప్పాలా? ఇంకోటి, ఇది నువ్వు తెచ్చుకున్న రౌటరు. కస్టమర్లకి నేనిచ్చే డబ్బాలో ఈ మెనూ ఉండదు. 2012 అన్నావు, పదేళ్లు దాటిపోయింది, ఇంకా డబ్బాలోకి రాలేదంటే తప్పు నాదా?

మేనకోడలు: నీది కాదు. నా వాళ్లదీ కాదు.

మావయ్య: చెప్పేసెయ్, ఎవరిదీ కాదని! సరే, అసలు విషయానికి వస్తాను. ఇంతసేపూ లైను ఉంది, నెమ్మదిగా ఉంది అన్న మాటే మాట్లాడుకున్నాం. నా బాధ లైను లేకపోవడం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను నేరుగా మన నెత్తి మీదే తీరం దాటింది. నీకు గుర్తుందా, నువ్వు హాస్టల్లో ఉన్నావు, అమ్మకి ఫోన్ కలవక ఏడ్చావట. ఆ ముందు ఏడాదే నేను తెలివిగా రెండు కంపెనీల దగ్గర రెండు లింకులు తీసుకున్నాను, రెట్టింపు డబ్బు కట్టాను, ఒకటి పోతే రెండోదాని మీదికి దానంతటదే మారిపోతుందని రౌటరు కూడా సెట్ చేయించాను. గాలి మొదలైన గంటకి రెండూ ఒకేసారి పోయాయి. ఎందుకో తెలుసా? పది రోజుల తర్వాత రోడ్డంట నడుచుకుంటూ వెళ్తే కనిపించింది. రెండు కంపెనీల తీగలూ అవే కరెంటు స్తంభాల మీద ఉన్నాయి, ఒకడిది పైన, ఒకడిది కింద. స్తంభం పడితే రెండూ పడ్డాయి. మీ ఐపీకి రెండు దారులు కనిపించాయి, నేల మీద ఉన్నది ఒకటే దారి. ఇంకో దారి వెతుక్కునే నెట్‌వర్కు అని ప్రతి పుస్తకంలో మొదటి పేజీలో రాస్తారు కదా, స్తంభం సంగతి ఏ పేజీలో రాశారు?

మేనకోడలు: రాశారు మావయ్యా. షేర్డ్ రిస్క్ లింక్ గ్రూప్ అంటారు. ఒకే ముప్పు కింద ఉన్న లింకులన్నిటికీ ఒకే నంబరు ఇస్తారు, ఒకటి పోతే ఆ నంబరున్న రెండోదాన్ని నమ్ముకోవద్దని రౌటరుకి తెలియడానికి. 2005 నాటికే ప్రమాణాల్లోకి వచ్చింది.

మావయ్య: ఆ నంబరు ఎవరు ఇస్తారు? రౌటరే కనుక్కుంటుందా?

మేనకోడలు: లేదు. మనిషే టైపు చెయ్యాలి.

మావయ్య: ఏ మనిషి? రెండు కంపెనీల వాళ్లూ తమ తీగ ఏ స్తంభం మీదుందో ఒకరికొకరు చెప్పుకోరు, నాకూ చెప్పరు. నీ పరిశోధనలో ఏం చేశావు మరి, నీకు ఎవరు చెప్పారు?

మేనకోడలు: నేను... అడిలైడ్ యూనివర్సిటీ వాళ్లు ప్రపంచంలో నెట్‌వర్కుల మ్యాపులు సేకరించి పెట్టారు, టోపాలజీ జూ అంటారు. అవి తీసుకుని లింకులు తెంపుతూ సిమ్యులేషన్ చేశాను. ఊరికీ ఊరికీ మధ్య ఒక గీత ఉంటుంది.

మావయ్య: గీత తిన్నగా ఉంటుందా?

మేనకోడలు: తిన్నగానే ఉంటుంది.

మావయ్య: స్తంభాలు?

మేనకోడలు: ఉండవు.

(మావయ్య లేచి బీరువా తెరిచాడు. గెలిచానన్న మొహం కాదు అది, ఏదో దాచుకున్నది చూపించాలా వద్దా అన్న మొహం. అట్ట ఊడిపోయి దారంతో కుట్టిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి బల్ల మీద పెట్టాడు. లైన్‌మన్ చేత గీయించినదట, ఇక్కడి నుంచి వజ్రపుకొత్తూరు వైపు ఒకటి, మందస వైపు ఒకటి, స్తంభం స్తంభానికీ నంబరు, ఎక్కడ జాయింట్ బాక్స్, ఎక్కడ కొబ్బరి చెట్టు తీగ మీదికి వంగి ఉంది, అన్నీ.)

మేనకోడలు: ఎర్ర సున్నాలేంటి?

మావయ్య: తిత్లీలో పడినవి.

మేనకోడలు: నీలం?

మావయ్య: పడ్డాక మళ్లీ అదే గోతిలో పాతినవి. ఇసక నేల. అవి ఇంకోసారి పడతాయి.

మేనకోడలు: మావయ్యా, ఇది నాకు కావాలి. నాలుగు రోజులు ఇయ్యి, తీసుకెళ్లి...

మావయ్య: బయటికి పోదు, ఇంకో కాపీ లేదు. ఇక్కడే కూర్చుని ఫొటోలు తీసుకో. వెనక ఆరు పేజీల్లో బాకీల లెక్కలున్నాయి, అవి మాత్రం తియ్యకు.