కానుగ మొక్క, పది నెలల తర్ఫీదు

విశ్వవిద్యాలయంలో పాఠం, పనిచోట తర్ఫీదు జంటగా సాగితే తప్ప సుస్థిరాభివృద్ధి విద్య వంటబట్టదని పెద్దలు సెలవిచ్చినప్పుడు నేను మనసారా చప్పట్లు కొట్టినవాణ్ణి. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశిస్తే, మనం ఆ ఆదేశాన్ని శిరసావహించి, ఓజోన్ పొరను అయిదు మార్కుల ప్రశ్నగా కుదించి, పరీక్ష ముందురోజు రాత్రి బట్టీపట్టి, మర్నాడు మధ్యాహ్నానికల్లా మరిచిపోతూ వచ్చాం. 2020-21లో మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువుకు పది నెలల ఇంటర్న్‌షిప్ జతపడ్డాక ఈ మరపునకు కూడా ధ్రువపత్రం లభించే ఏర్పాటు జరిగింది.

విశాఖపట్నంలో ఒక కళాశాల పక్షాన మార్గదర్శకుడిగా నేను స్వయంగా ఒక జట్టును వెంటబెట్టుకుని గాజువాక వైపు ఒక సంస్థకు వెళ్లాను. ద్వారం దగ్గర ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అని నిలువెత్తు ఫ్లెక్సీ మాకు స్వాగతం పలికింది. వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లపై 2022 జూలై 1 నుంచి నిషేధం ఉన్నది కనుక, ఇది అంతకంటే మందమైనదే అయి ఉంటుందని విద్యార్థులకు నచ్చజెప్పాను. లోపల ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల మీద, వాటి కింది 169 ఉపలక్ష్యాల మీద ఏసీ గదిలో మూడు గంటలు ఉపన్యాసం సాగింది. ముడసర్లోవ జలాశయం మీద 2018 నుంచి తేలుతున్న రెండు మెగావాట్ల సౌరఫలకాలను ఒక్కసారి చూపిస్తారా అని ఒక అమ్మాయి అడిగింది గానీ, భోజనాల వేళ దాటిపోతోంది.

తరువాత మొక్క నాటాం. ఒకటే గుంత, ఒకటే కానుగ మొక్క, పన్నెండు మంది చేతులు. ఫొటో సరిగా రాలేదంటే పెకలించి మళ్లీ నాటాం. నిన్నటి జట్టు నాటింది కూడా ఇదే కదా అని నేను తోటమాలిని మెల్లగా అడిగాను. “మొన్నటోళ్లు కూడా ఇదే నాటారండి మేస్టారూ, తమరు ఫొటో తీసుకెళ్లండి, నీళ్లు నేను పోస్తాను” అన్నాడు.

నాకు చిక్కంతా విశాఖ రేవు పక్కనున్న పాతనగరం కుర్రాడి లాగ్‌బుక్‌తో వచ్చింది. తక్కినవాళ్లు మద్దిలపాలెంలో జిరాక్స్ తీయించిన ఒకే వాక్యాన్ని పది నెలల పాటు బుద్ధిగా నింపగా, వీడు తమ ఇంటి కిటికీ చట్రాన్ని రోజుకో తెల్లగుడ్డతో తుడిచి, వారం రోజుల ఏడు ముక్కలనూ తేదీలు వేసి గుండుసూదితో గుచ్చి తెచ్చాడు. ఏడూ నలుపే, గాలి సముద్రం వైపు నుంచి వీచిన బుధవారం నాటిది మాత్రం కాస్త బూడిదరంగు. ఆ తేడా ఎందుకొచ్చిందో అర పేజీ రాశాడు. లాగ్‌బుక్‌లో గుడ్డలు గుచ్చడానికి గడి లేదు కనుక వాటిని తీయించి, ‘వాయు నాణ్యతపై అవగాహన పొందితిని’ అని రాయించి, సంతకం చేశాను. సంతకం చేస్తుంటే నా వేలికి కూడా మసి అంటింది.

ఆ మసి కడుక్కున్నాక వచ్చిన బుద్ధితో, మౌఖిక పరీక్షకు తోటమాలిని పరీక్షకుడిగా పిలవాలని కమిటీకి విన్నవించాను. ఏ మొక్క బతికిందో, ఏది ఫొటోకే పరిమితమైందో తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయన పదో తరగతి తప్పినందున అర్హత చాలదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానం మీద కూడా నా సంతకం ఉంది. సోమవారం కొత్త జట్టు వస్తోంది. గుంత తవ్వి ఉంచమని ఆయనకు ఫోన్ చేశాను.