సోషల్ వర్కర్‌కు చదువెందుకు అనే ముందు

ఎక్కడో బాల్యవివాహం ఆగిందని తెలిసిన రోజే ఆ ఫొటో కూడా మన ఫోన్లలోకి వచ్చేస్తుంది. పెళ్లిబట్టల్లో తల వంచుకున్న అమ్మాయి, చుట్టూ ఆమెను కాపాడినవాళ్లు. ముఖం స్పష్టంగా కనిపిస్తుంటుంది. పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ రక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టేలా ఫొటో బయటపెట్టడం 2015 నాటి జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఆ పిల్ల రేపు అదే వీధిలో నడవాలి, అదే బడికి వెళ్లాలి. సోషల్ వర్క్‌కు మంచి మనసు ఒక్కటే చాలదు, చదువూ కావాలని నేననేది ఇందుకే.

మన దగ్గర సంఘ సేవ, సోషల్ వర్క్ ఒకటే అయిపోయాయి. అన్నదానం చేసినా, రక్తదాన శిబిరం పెట్టినా ఫ్లెక్సీ మీద ‘సామాజిక కార్యకర్త’ అని వేస్తారు. ఆ సేవను నేను తక్కువ చేయను. అయితే భర్త కొట్టాడని రాత్రి పదింటికి వచ్చిన మనిషి ఇంటికి తిరిగి వెళ్లాలా వద్దా తేల్చుకోవడానికి పక్కన కూర్చోవడం వేరే పని. అది నేర్చుకోవాలి.

నేర్చుకునే దారి కొత్తదేం కాదు. ఇప్పుడు టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అని పిలిచే సంస్థ 1936లోనే బొంబాయిలో మొదలైంది. ఏ డిగ్రీ చదివినా సోషల్ వర్క్‌లో పీజీ అయిన రెండేళ్ల ఎంఎస్‌డబ్ల్యూలో చేరొచ్చు. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్ తర్వాత అదే సబ్జెక్టులో డిగ్రీ, బీఎస్‌డబ్ల్యూ కూడా ఉంది గానీ, ఆ కోర్సు నడిపే కాలేజీలు తక్కువ.

నా దృష్టిలో అసలు చదువు ఫీల్డ్‌వర్కే. సాధారణంగా వారానికి రెండు రోజులు ఆసుపత్రికో, బస్తీకో, పిల్లల హోమ్‌కో వెళ్తారు. జరిగింది జరిగినట్టు రిపోర్టు రాస్తారు. సూపర్‌వైజర్ దాన్ని చదివి, ‘ఆమె ఏడుస్తుంటే నువ్వెందుకు మాట మార్చావు?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునేటప్పుడే తన భయం, తన కులం, తన ఇంట్లో విన్న మాటలు ఎక్కడ అడ్డొస్తున్నాయో విద్యార్థికి తెలుస్తుంది. పుస్తకం ఇంత దగ్గరగా వచ్చి అడగదు. ఇంత విలువైన పని కొన్ని కాలేజీల్లో రిజిస్టర్‌లో సంతకాల దగ్గర ఆగిపోవడమూ చూశాను. రెండు చోట్లా చేతికొచ్చే సర్టిఫికెట్ మాత్రం ఒకటే.

సోషల్ వర్కర్‌కు ఏ చదువు కావాలన్న విషయంలో చట్టాలకే ఒక మాట లేదు. రక్షణ అవసరమైన పిల్లల సంగతి చూసే బాలల సంక్షేమ కమిటీ సభ్యులకు ఉండాల్సిన డిగ్రీల్లో సోషల్ వర్క్ ఉంది. అదే 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో, నేరారోపణ ఎదుర్కొనే పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు ‘సోషల్ వర్కర్’ పేరుతోనే ఇద్దరు సభ్యులుంటారు. పిల్లల కోసం ఏడేళ్లు పనిచేసి ఉండాలి, లేదా బాలల మనస్తత్వ శాస్త్రం, సైకియాట్రీ, సోషియాలజీ, లా వీటిలో డిగ్రీతో ప్రాక్టీసు చేస్తుండాలి. సోషల్ వర్క్ డిగ్రీ మాటే లేదు! ఇంకోవైపు 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కు ఎంఎస్‌డబ్ల్యూ మీద రెండేళ్ల ఎంఫిల్ కావాలంటుంది.

ఇంగ్లండ్‌లో 2005 నుంచి రిజిస్టర్ కాకుండా సోషల్ వర్కర్ అని చెప్పుకోకూడదు. మన దగ్గర 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను కలుపుకుంది. మిగతావాళ్లకు నర్సులకున్నట్టు పేర్లు రిజిస్టర్ చేసే కౌన్సిల్ లేదు. అది రావాలి. వచ్చాక డిగ్రీ కాగితంతో సరిపెట్టకుండా, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో ఫీల్డ్‌లో పనిచేశారో కూడా చూడాలి.

ఆంధ్ర మహిళా సభ స్థాపించిన దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ ఏ ఎంఎస్‌డబ్ల్యూ చదివారని అడిగేవాళ్లున్నారు. చదవలేదు, నిజమే. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే, పెద్దయ్యాక ఆ బంధాన్ని వద్దనుకున్న మనిషి ఆమె. మెట్రిక్ నుంచి లా దాకా పట్టుబట్టి చదివారు. ఆంధ్ర మహిళా సభలో ఆడవాళ్లను కూర్చోబెట్టి పరీక్షలకు తయారుచేశారు. చదువు అక్కర్లేదనడానికి ఆమె పేరు వాడటం నాకు బాధగా ఉంటుంది.

ఈ ఏడాది ఎంఎస్‌డబ్ల్యూలో చేరాలనుకునే పిల్లలు ఫీజు, హాస్టల్ గురించి ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు రెండో ఏడాది చదువుతున్న సీనియర్‌ను ఒక ప్రశ్న అడగండి: నీ ఫీల్డ్‌వర్క్ రిపోర్టు చివరిసారి ఎవరు చదివారు, చదివి నిన్నేం అడిగారు?