సవరణ: ఖడక్ సింగ్ కేసులో సుబ్బారావు గారు దేనితో విభేదించారు?

నిన్నటి పోస్టులో "1962 నాటి ఖడక్ సింగ్ కేసులో మెజారిటీ పోలీసుల పక్షాన నిలిచింది, జస్టిస్ కోకా సుబ్బారావు ఒక్కరే విభేదించారు" అని ఉంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు తనపై పెట్టిన నిఘాను సవాలు చేస్తూ ఖడక్ సింగ్ అనే వ్యక్తి సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు ఇది. పై వాక్యంలో రెండు మాటలు మార్చాలి.

ఆయన ఒక్కరే కాదు. ఆరుగురి ధర్మాసనంలో జస్టిస్ జె.సి. షా కూడా ఆయనతోనే ఉన్నారు. ఇక మెజారిటీ పోలీసులకు పూర్తిగా వత్తాసు పలకలేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రిపూట ఇళ్లకు వెళ్లి తనిఖీ చేసే నిబంధనను ఆ నలుగురూ కొట్టేశారు. అంటే అక్కడిదాకా ఆరుగురిదీ ఒకే దారి. తేడా ఆ తర్వాతే. రాకపోకలపై నిఘా లాంటి మిగతా నిబంధనలు చెల్లుతాయని మెజారిటీ అంది, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని కూడా అంది. అసలు చిక్కు ఇక్కడే. గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని, నిఘా నీడలో తిరిగే మనిషిది స్వేచ్ఛ కాదని సుబ్బారావు వాదన. అందుకే రాత్రి తనిఖీలే కాదు, ఆ నిఘా నిబంధనలన్నీ చెల్లవన్నారు.

భిన్నాభిప్రాయ తీర్పు చదివేటప్పుడు, ఏ అంశం దగ్గర దారులు విడిపోయాయో ముందు చూడాలి. మన వార్తల శీర్షికల్లో అది దాదాపు ఎప్పుడూ కనిపించదు.

గోప్యతపై మెజారిటీ మాటను 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తోసిపుచ్చారు.