జమైకా అంట, జమైకా!

నిన్న మా అపార్ట్‌మెంట్ ఫంక్షన్‌లో స్టీల్ డ్రమ్ ట్యూన్ ఒకటి వేశారు. చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నానా, యాంకరమ్మ మైకు పట్టుకుని "జమైకా మ్యూజిక్, ఎంజాయ్ చేయండి ఫ్రెండ్స్" అంది. ఆగలేక వెళ్లి "అమ్మా, అది ట్రినిడాడ్‌ది" అన్నాను. "ఏదైనా ఒకటే కదా అంకుల్" అంది. అంకుల్ అన్నందుకు కోపం లేదు. సరే, కొంచెం ఉంది. కానీ ఏదైనా ఒకటేనా? రెండూ కరీబియన్ దీవులే అయినా, దేశాలు వేరు.

1880లలో తెల్లదొరలు డోళ్లు వాయించొద్దని ఆంక్షలు పెడితే, ట్రినిడాడ్ జనం వెదురు బొంగులు నేలకేసి కొట్టి తాళం వేశారు. 1930లు వచ్చేసరికి బిస్కెట్ డబ్బాలు, పెయింట్ డబ్బాలు, ఆ తర్వాత ఆయిల్ డ్రమ్ములు. అదే ఈ స్టీల్ డ్రమ్. డ్రమ్ము అడుగును సుత్తితో గిన్నెలా లోపలికి దించి, ఒక్కో స్వరానికి ఒక్కో చోటు గీసి, మంట మీద కాల్చి, మళ్లీ చిన్న సుత్తితో శ్రుతి చేస్తారు. దెబ్బ పిసరంత ఎక్కువ పడిందా, స్వరం పోయినట్టే. వాయించే పుల్లల కొసలకు రబ్బరు. 1963 నుంచి అక్కడ జరుగుతున్న పనోరమా అనే స్టీల్ డ్రమ్ బ్యాండుల పోటీల్లో ఒక్కో పెద్ద బ్యాండులో వంద మంది దాకా దిగుతారు. మనకేమో కీబోర్డులో ఓ బటన్. నొక్కితే బీచ్, కొబ్బరిచెట్టు, గొడుగు గుచ్చిన జ్యూస్ గ్లాసు. అయిపోయింది కరీబియన్!

మొదట్లో దీన్ని వాయించేవాళ్లను రౌడీలన్నారు, పోలీసులు తరిమారు. 1951లో వాళ్ల బ్యాండు లండన్ వెళ్లి వాయించింది. దొరలు చప్పట్లు కొట్టాక ఇంటి పెద్దమనుషులకూ వినసొంపైపోయింది, అది మామూలే. 1992లో జాతీయ వాద్యం చేశారు. ఇంత జరిగాక, పేరు జమైకాకి!

అసలు ఈ "ఏదైనా ఒకటే" అనే జబ్బు నాకు కొత్త కాదు. ఢిల్లీలో చదివేటప్పుడు మా రూమ్మేట్, అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా సగం ఖాళీ చేసి "మద్రాసీ అచార్ సూపర్" అనేవాడు. గుంటూరు అని ఎన్నిసార్లు చెప్పినా మద్రాసీయే. ఆ ట్రినిడాడ్‌లోనూ అదే కథ. మద్రాసు రేవు నుంచి చెరకు తోటల కూలికి ఓడలెక్కిన వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ తెలుగు లేదు, తమిళం లేదు, అందరికీ కలిపి మద్రాసీలనే ముద్ర.

ఆ రూమ్మేట్ ఇప్పుడు గచ్చిబౌలిలో ఫ్లాట్ కొన్నాడు. మొన్న ఫోన్ చేసి, ఇక్కడ మంచి సౌత్ ఇండియన్ హోటల్ ఏదిరా అని అడిగాడు. తెలుసు. చెప్పలేదు.