తిన్న దెబ్బలతో గొప్పతనం కొలవకండి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ప్లేఆఫ్స్ (రెగ్యులర్ సీజన్ తర్వాత టైటిల్ కోసం ఆడే సిరీస్‌లు) మొదలయ్యాయంటే చాలు, తొంభైల నాటి మైకేల్ జోర్డాన్ గొప్పా ఈ తరం లెబ్రాన్ జేమ్స్ గొప్పా అనే గొడవ మళ్లీ లేస్తుంది, లేవనివ్వండి, ఆట మీద ప్రేమ ఉన్నోళ్లు ఆ మాత్రం వాదించుకోకపోతే ఎలా. కానీ ఈమధ్య ఆ గొడవ పాయింట్లు, టైటిళ్ల దగ్గర ఆగట్లేదు, రెండు నిమిషాల్లోనే ఇంకోచోట తేలుతోంది. అప్పట్లో ఆటంటే మగాళ్ల ఆట, ఇప్పుడు ముట్టుకుంటే ఫౌలు, ఇప్పటి స్టార్లని తీసుకెళ్లి 1989 డెట్రాయిట్ పిస్టన్స్ ముందు నిలబెడితే ఒక్క క్వార్టర్ కూడా ఆడలేరు అని పెద్దోళ్లంటారు. కుర్రాళ్లు మాత్రం ఊరుకుంటారా, మీ హీరోలు ప్లంబర్లతో, ఫైర్‌మెన్లతో ఆడి గెలిచారు అని తిరిగి అంటిస్తారు. మేము రెండు మాటలూ తప్పే అంటాం. అందులోనూ మొదటిదే మమ్మల్ని ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే అది మనిషి ఒంటికి తగిలిన దెబ్బని తీసుకెళ్లి గొప్పతనం ఖాతాలో జమ చేస్తోంది.

ముందు ఆ కాలం నిజంగా ఎలా ఉండేదో చూద్దాం. 1984 ఫైనల్స్ నాలుగో గేమ్, లేకర్స్ ఆటగాడు కర్ట్ రాంబిస్ లేఅప్‌కి (బాస్కెట్ దగ్గరికెళ్లి వేసే షాట్) పరిగెత్తుతుంటే బోస్టన్ కెవిన్ మెక్‌హేల్ మెడకి అడ్డంగా చెయ్యేసి నేలకి కొట్టాడు, ఇవాళైతే ఆ క్షణమే బయటికి పంపించేస్తారు, ఆరోజు మాత్రం మెక్‌హేల్ ఆడుతూనే ఉన్నాడు, బోస్టన్ ఆ గేమ్ ఓవర్‌టైమ్‌లో గెలిచింది, సిరీస్ కూడా గెలిచింది. 1987లో ఈస్ట్ (లీగ్‌లో తూర్పు సగం) ఫైనల్స్ ఐదో గేమ్‌లో రాబర్ట్ పారిష్ డెట్రాయిట్ సెంటర్ బిల్ లేంబియర్‌ని గుద్దుల మీద గుద్దులు గుద్ది కింద పడేస్తే కోర్టులో ఫౌల్ కూడా పిలవలేదు, తర్వాత లీగ్ ఒక్క గేమ్ సస్పెన్షన్‌తో సరిపెట్టింది. ఇక చక్ డేలీ కోచ్‌గా ఉన్న పిస్టన్స్ అయితే జోర్డాన్ కోసమే ప్రత్యేకంగా రూల్స్ పెట్టుకుని 1988, 1989, 1990 వరసగా మూడేళ్లు అతని జట్టు చికాగో బుల్స్‌ని ఇంటికి పంపించారు. గాల్లోకి లేస్తే కింద పడాల్సిందే, అదే వాళ్ల పద్ధతి.

జోర్డాన్ ఏం చేశాడు? కండ పెంచాడు, పక్కవాళ్లని నమ్మడం నేర్చుకున్నాడు, 1991లో అదే డెట్రాయిట్‌ని 4-0తో ఊడ్చేశాడు. చివరి గేమ్ ఇంకా కొన్ని సెకన్లుండగానే పిస్టన్స్ చేతులు కూడా కలపకుండా లోపలికెళ్లిపోయారు. ఆ కథ చెప్పుకుంటే మాకూ ఒళ్లు పులకరిస్తుంది, దాన్ని తక్కువ చేసేవాళ్లం కాదు. కానీ అందులో మెచ్చుకోవాల్సింది జోర్డాన్ దారి కనుక్కోవడాన్ని, లేంబియర్ మోచేతిని ఎందుకు మెచ్చుకోవాలి?

ఇంకో సంగతి, మన జ్ఞాపకం కాలాల్ని కలిపేస్తోంది. ఎనభైల్లో దెబ్బలుండేవి, నిజమే, కానీ పాయింట్లు కూడా పారేవి. జోర్డాన్ గేమ్‌కి 37.1 పాయింట్లు కొట్టింది 1986-87 సీజన్‌లోనే, అంటే మనం కఠినాతికఠినం అని చెప్పుకునే రోజుల నడిమధ్యలోనే. అప్పట్లో ఇల్లీగల్ డిఫెన్స్ రూల్ ఉండేది, బంతి లేనివాణ్ణి వదిలేసి పెయింట్‌లో (బాస్కెట్ కింద రంగేసిన చోట) కాపు కాయడం కుదిరేది కాదు, స్టార్ ఎదురుగా ఒక్కడే నిలబడాలి, రెండో మనిషి రావాలంటే పూర్తిగా వచ్చేయాలి. 2001-02లో ఆ రూల్ తీసేసి జోన్ (మనిషిని కాకుండా చోటుని కాపాడే డిఫెన్స్) ఒప్పుకున్నాక ఒక స్కోరర్ చుట్టూ అయిదు జతల కళ్లు పడ్డాయి. అంటే పాత రూల్ ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టనిచ్చింది, సాయం మాత్రం రానివ్వలేదు. హ్యాండ్ చెక్ (ఇలా ఒంటి మీద చెయ్యేసి ఆపడం) లేకపోతే జోర్డాన్ ఈ రోజుల్లో యాభై కొట్టేవాడు అనేవాళ్లు ఈ రెండో సగం చెప్పరు, ఇప్పటి ఆటగాళ్లని అప్పటికి పంపించేవాళ్లూ చెప్పరు.

అసలు ఆట బిగుసుకుపోయింది తొంభైల్లో. ప్యాట్ రైలీ న్యూయార్క్ నిక్స్ ఆడిన 1994 ఫైనల్స్ ఏడు గేముల్లో ఒక్క జట్టు కూడా ఒక్కసారి కూడా వంద పాయింట్లు చేరలేదు. 2003-04 నాటికి లీగ్ సగటు గేమ్‌కి జట్టుకి 93.4కి పడిపోయింది. లెబ్రాన్ జేమ్స్ పద్దెనిమిదేళ్లకి కోర్టులో దిగింది ఆ సీజన్‌లోనే, ఇది గుర్తుపెట్టుకోవాలి. మెత్తటి కాలం పిల్లాడు అని ముద్రేసే మనిషి మొదలుపెట్టింది లీగ్ చరిత్రలోనే బాగా ఇరుకైన రోజుల్లో, 2007లో డెట్రాయిట్ మీద అయిదో గేమ్‌లో క్లీవ్‌లాండ్ చివరి 30 పాయింట్లలో 29 తనొక్కడే కొట్టింది కూడా ఏ సరదా డిఫెన్స్ మీదో కాదు.

2004-05లో లీగ్ హ్యాండ్ చెక్ మీద గట్టిగా పడింది, బయట గార్డ్ ఒంటి మీద చెయ్యేసి నెట్టుకుంటూ పోవడం ఆగింది. అదే ఏడాది స్టీవ్ నాష్ డాలస్ నుంచి ఫీనిక్స్‌కి వచ్చాడు, 29 గేములు గెలిచిన జట్టు 62 గెలిచింది, వరసగా రెండు ఎంవీపీలు (సీజన్‌లో మేటి ఆటగాడి అవార్డులు) అతనికి. కొందరు దీన్ని రూల్ ఇచ్చిన బహుమతి అంటారు. మేమలా చూడం. నాష్ చేతిలో ఆ చూపు, ఆ పాస్ ముందు నుంచే ఉన్నాయి, వాటిని అణిచిపెడుతున్న చెయ్యి తీశారు, అంతే. ఆ తెరిచిన తలుపులోంచే స్టెఫ్ కర్రీ వచ్చాడు, 2015-16లో ఒక్క సీజన్‌లో 402 త్రీలు (దూరం గీత బయట నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు), అంతకుముందు రికార్డు కూడా అతనిదే, 286. ముప్పై అడుగుల నుంచి కొట్టేవాణ్ణి ఆపాలంటే ఇప్పుడు పెద్ద పెద్ద సెంటర్లు కూడా బయటికొచ్చి పక్కపక్కకి అడుగులెయ్యాలి, మోకాళ్ల మీద, మడమల మీద పడే ఆ భారం దెబ్బల్లా టీవీలో కనపడదు, అందుకని లేదనుకుంటున్నాం.

ఇప్పుడు మేము అసలు చెప్పాలనుకున్న దగ్గరికొద్దాం.

మారిస్ స్టోక్స్ పేరు ఈ వాదనల్లో ఎప్పుడైనా విన్నారా? 1956లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏడాది మేటి కొత్త ఆటగాడు), మూడు సీజన్లాడి మూడుసార్లూ ఆల్ స్టార్, రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చిన బంతులు) పట్టడంలో, పాస్ ఇవ్వడంలో ఆ సైజు మనిషి అప్పటికి లేడు. 1958 మార్చి 12న మినియాపొలిస్‌లో రెగ్యులర్ సీజన్ చివరి గేమ్‌లో బాస్కెట్ వైపు వెళ్తూ పడ్డాడు, తల నేలకి కొట్టుకుంది, స్పృహ తప్పింది. ముక్కు దగ్గర ఘాటు ఉప్పు పెట్టి లేపారు, మళ్లీ ఆటలోకి పంపించారు. మూడు రోజుల తర్వాత ప్లేఆఫ్ గేమ్ కూడా ఆడాడు, 12 పాయింట్లు, 15 రీబౌండ్లు. అక్కణ్ణించి తిరిగొచ్చే విమానంలో ఫిట్స్ వచ్చి కోమాలోకి వెళ్లాడు, లేచేసరికి ఒళ్లు కదలదు, మాట రాదు. వయసు ఇరవై నాలుగు. తోటి ఆటగాడు జాక్ ట్వైమన్ చట్టప్రకారం అతనికి గార్డియన్‌గా నిలబడి, డబ్బులు పోగుచేసి, 1970లో స్టోక్స్ పోయేదాకా చూసుకున్నాడు. 2004లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు ఎక్కింది. ఆరోజు లేచి మళ్లీ ఆడినందుకు స్టోక్స్‌ని ఎవరైనా గట్టివాడు అన్నారేమో, అదే గట్టితనం అయితే దాన్ని ఆపాల్సిన బాధ్యత ఆట నడిపేవాళ్లది. తలకి దెబ్బ తగిలితే పరీక్షలు పాసయ్యేదాకా ఆడకూడదన్న పద్ధతి లీగ్‌లో 2011లో గానీ రాలేదు, అంటే యాభై ఏళ్లు దాటిపోయాక.

1977 డిసెంబర్ 9 ఇంకో రోజు. లేకర్స్, హ్యూస్టన్ రాకెట్స్ గేమ్‌లో కోర్టు మధ్యలో తోపులాట, విడదీద్దామని రూడీ టొమ్యానొవిచ్ పరిగెత్తుకొచ్చాడు, ఎవరో మీదకొస్తున్నారనుకుని కెర్మిట్ వాషింగ్టన్ తిరిగి ఒక్క గుద్దు గుద్దాడు. ముఖం ఎముకలు విరిగాయి, పుర్రె పగిలి వెన్ను ద్రవం కారింది, టొమ్యానొవిచ్ బతుకుతాడా అనేంత దాకా వెళ్లింది. వాషింగ్టన్‌కి 60 రోజుల సస్పెన్షన్, 10,000 డాలర్ల జరిమానా, ఆ తర్వాత జీవితమంతా ఆ ఒక్క గుద్దు అతని పేరు పక్కనే ఉండిపోయింది. అదే సీజన్ మొదట్లో కరీం అబ్దుల్ జబ్బార్ మోచేతి దెబ్బ తిని కెంట్ బెన్సన్‌ని కొట్టి తన చెయ్యే విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు గొడవలు అరుదు కాదు, ప్రతి జట్టులో స్టార్‌కి కాపలాగా ఒక బలమైన మనిషిని ఉంచుకోవడం మామూలు. టొమ్యానొవిచ్ రక్తం చూశాక లీగ్ కళ్లు తెరిచింది, తర్వాతి సీజన్‌లో మూడో రెఫరీని పెట్టి చూసింది, ఒక్క ఏడాదికే తీసేసింది, మళ్లీ శాశ్వతంగా తెచ్చేసరికి 1988 వచ్చింది. ఫ్లాగ్రెంట్ ఫౌల్ (అనవసరంగా మొరటుగా కొడితే పెద్ద శిక్ష పడే ఫౌల్) రూల్ 1990-91లో వచ్చింది.

ఈ వరస చూడండి. ఏ రూలూ ఆటని మెత్తగా చేద్దాం అని ఊరికే రాలేదు, ప్రతిదాని వెనకా ఎవరో ఒకరు నేల మీద పడున్నారు. 2017 వెస్ట్ ఫైనల్స్‌లో కవై లెనర్డ్ జంప్ షాట్ కొట్టి దిగేచోట జాజా పచూలియా కాలు పెట్టాడు, మడమ మెలిపడింది, శాన్ ఆంటోనియో ఇరవై పైచిలుకు ఆధిక్యం పోగొట్టుకుంది, సిరీస్ కూడా పోయింది, తర్వాతి సీజన్ నుంచి అలా కాలు పెడితే ఫ్లాగ్రెంట్ ఇవ్వొచ్చు. మన దగ్గర గవాస్కర్ హెల్మెట్ లేకుండా వెస్టిండీస్ పేస్‌ని ఆడాడని గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా, అలాగని ఇవాళ్టి పిల్లల హెల్మెట్లు తీసేయమని ఎవరం అనం కదా, బాస్కెట్‌బాల్ దగ్గరకొచ్చేసరికి ఆ ఇంగితం ఎటు పోతోందో అర్థం కావట్లేదు.

పాతవాళ్లని ఎగతాళి చేసే కుర్రాళ్లకీ ఒక మాట. 1961-62లో విల్ట్ ఛాంబర్లిన్ గేమ్‌కి 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు, మార్చి 2న హెర్షీలో న్యూయార్క్ మీద వంద. అప్పుడు జట్లు తొమ్మిదే, ఒక్కో జట్టు గేమ్‌కి వందకి పైగా షాట్లేసేది, కాబట్టి ఆ అంకెల్ని ఇవాళ్టి అంకెల పక్కన అలాగే పెట్టకూడదు, ఒప్పుకుంటాం. కానీ ఆ తొమ్మిది జట్లలో చోటు దొరకడం ఎంత కష్టమో, మామూలు విమానాల్లో కాళ్లు ముడుచుకుని తిరిగి మర్నాడు మళ్లీ ఆడటం ఏంటో కూడా లెక్కలోకి రావాలి. అతన్ని ఆపడానికి 1964లో పెయింట్‌ని 12 అడుగుల నుంచి 16 అడుగులకి వెడల్పు చేశారు, ఆటగాణ్ణి చూసి కోర్టు గీతలు మార్చారంటే అంతకన్నా ఏం సాక్ష్యం కావాలి. ఇంకా ముఖ్యమైంది, ఆ యాభై పాయింట్ల సీజన్‌లో ఎంవీపీ విల్ట్ కాదు, బోస్టన్ సెంటర్ బిల్ రస్సెల్. అప్పట్లో ఓటేసేది ఆటగాళ్లే. ఇద్దరి చేతిలోనూ దెబ్బలు తిన్నవాళ్లు, ఇద్దరి చేతిలోనూ షాట్లు తన్నించుకున్నవాళ్లు రస్సెల్ పేరు రాశారు. బ్లాకులు (వేసిన షాట్‌ని గాల్లోనే అడ్డుకోవడం) 1973-74 దాకా లెక్కే పెట్టలేదు, రస్సెల్ చేసిన పనిలో సగం ఏ కాగితం మీదా లేదు, 13 సీజన్లలో 11 టైటిళ్లు మాత్రం మిగిలాయి.

మేము పోల్చేది ఇలాగే. ఆ కాలంలో, ఆ రూల్స్ కింద, పక్కవాళ్లకంటే ఎంత ముందున్నాడు, ఎన్నేళ్లు ఉన్నాడు, అతని వల్ల ఆట ఏం మారింది. ఇలా చూస్తే మా ఓటు శిఖరం దగ్గర జోర్డాన్‌కి, నిడివి దగ్గర లెబ్రాన్‌కి, గెలుపు దగ్గర రస్సెల్‌కి. కరీం 38,387 పాయింట్ల రికార్డు 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ దాటాడు, ఇరవయ్యో సీజన్‌లో దాటాడు, దీన్ని మెత్తటి లీగ్ పుణ్యం అంటే మేము ఒప్పుకోం, ఎందుకంటే ఆ లీగ్‌లోనే ఎంతోమంది పదేళ్లకే ఆగిపోయారు.

ఇప్పటి ఆటలో తప్పుల్లేవని అనట్లేదు. చేతిని డిఫెండర్ చేతికి కొక్కెంలా తగిలించి, పక్కకి దూకి మీద పడి ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి బదులుగా వచ్చే షాట్లు) అడుక్కునే పద్ధతి చూస్తే మాకూ ఒళ్లు మండుతుంది. 2021లో లీగ్ దాన్ని కొంత కట్టడి చేసింది, మంచి పని, మళ్లీ ఏడాదికేడాది జారిపోతోంది. 2023-24లో సగం సీజన్ గడిచాక ఉన్నట్టుండి రెఫరీల విజిళ్లు తగ్గాయి, పాయింట్లు పడిపోయాయి, ఆటగాళ్లకే అర్థం కాలేదు. రెగ్యులర్ సీజన్‌లో ఒకటి, ప్లేఆఫ్స్‌లో ఇంకోటి అయితే డిఫెండర్ ఏం నేర్చుకోవాలి? ఛాతీ అడ్డం పెట్టి ఆపడం, పోస్ట్‌లో (బాస్కెట్ దగ్గర) బలం చూపించడం, రీబౌండ్ కోసం ఒళ్లు రాసుకోవడం, ఇవి ఆటే, వీటిని వదిలెయ్యండి. తల, మెడ, గాల్లో ఉన్న మనిషి, దిగే కాలు, వీటి జోలికొస్తే మాత్రం సీజన్ మొదలయ్యే అక్టోబర్‌లో ఎంత శిక్షో ఫైనల్స్ జరిగే జూన్‌లో కూడా అంతే వెయ్యండి, స్టార్ అయినా బెంచ్ మీద పన్నెండోవాడైనా. ఆ గీత ఎక్కడుందో సీజన్ మొదలవ్వకముందే జట్లకి, చూసేవాళ్లకి వీడియోలతో సహా చెప్పి, ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్ వచ్చాక దాన్ని జరపకూడదని మేము లీగ్‌ని కోరుతున్నాం.