ఆ కొటేషన్‌లో మధ్య లైన్ ఎక్కడ పోయింది?

ఎవరు ట్రిప్‌కెళ్లినా, ఈఎంఐ మీద ఫోన్ కొన్నా కింద క్యాప్షన్ ఒకటే, "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు". కొనుక్కోండి, తిరగండి, నాకేం అభ్యంతరం లేదు గానీ ఆ మాట దాదాపు 2000 ఏళ్ల కిందట జెరూసలేంలో హిల్లెల్ అనే యూదు గురువు అన్నది, పిర్కే అవోత్ అనే యూదు సూక్తుల పుస్తకంలో ఉంటుంది, దానికి ముందు ఇంకో రెండు లైన్లున్నాయి బాబూ. నా కోసం నేను లేకపోతే ఇంకెవరుంటారు, నా కోసమే నేనుంటే నేనేపాటి మనిషిని, ఆ తర్వాతే ఇప్పుడు కాకపోతే ఎప్పుడు అన్నది. మధ్య లైన్ సరదాకి అడ్డమొస్తుంది కదా, లేపేశారు.

తీరిక దొరికాక చదువుకుంటా అనకు, అసలు దొరక్కపోవచ్చు అన్నదీ ఈయనే. ఊరికే అనలేదు. యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్మూద్‌లో చెప్తారు, కూలి డబ్బుల్లో సగం పాఠశాల కాపలావాడికే ఇచ్చి లోపలికి వెళ్లేవాడట, ఓ శుక్రవారం పని దొరక్క చేతిలో పైసా లేకపోతే వాడు రానివ్వలేదు, ఇంకొకరైతే సోమవారం చూద్దాంలే అని ఇంటికెళ్లేవాళ్లు, ఈయన కప్పెక్కి వెలుతురు కోసం వదిలిన కిటికీ మీద పడుకుని పాఠం విన్నాడు. చలికాలం, పైన మంచు కురుస్తూనే ఉంది. తెల్లారాక లోపల గురువులు ఇవాళేంటి ఇంత చీకటి అని తలెత్తితే పైన మనిషి ఆకారం! దించి, స్నానం చేయించి, నిప్పు ముందు కూర్చోబెట్టారు, ఆ రోజు సబ్బాత్, అంటే యూదులు పనులేవీ చేయకూడని శనివారం, అయినా సరే, ఇతని కోసం నియమం తప్పొచ్చు అన్నారు.

నన్ను నిజంగా కుదిపేసింది మాత్రం తాల్మూద్‌లోనే ఉన్న నహూమ్ అనే ఇంకో గురువు కథ. మామగారింటికి గాడిదల మీద తినేవీ తాగేవీ వేసుకుని వెళ్తున్నాడు, దారిలో ఒక బీదవాడు ఏదైనా పెట్టండి గురువుగారూ అన్నాడు. ఉండు, గాడిద మీంచి దించనీ అన్నాడు ఈయన. దించేలోపు వాడు ప్రాణం వదిలేశాడు. రేపు రా అనలేదు, కసురుకోలేదు, మహా అయితే కాసేపు ఆలస్యం, అంతే. దానికే శవం మీద పడి, నిన్ను చూసి జాలిపడని నా కళ్లు పోవాలి, చేతులు పోవాలి, కాళ్లు పోవాలి అని తనని తానే శపించుకున్నాడు, అలాగే అయ్యాడు కూడా. నాకైతే మరీ ఎక్కువ శిక్ష అనిపిస్తుంది. ఆయన శిష్యులకీ అలాగే అనిపించినట్టుంది, అయ్యో మిమ్మల్ని ఇలా చూడాల్సొచ్చిందే అని ఏడిస్తే, ఇలా చూడకపోయుంటేనే నాకు అయ్యో అన్నాడు.